తడి నేలమాళిగ: గెరిట్ చూపు

పోయినవారం మమ్మల్ని మీరు హైవే పక్కన వానలో వదిలిపెట్టారు. వ్యాన్ కింద వేలాడుతున్న పొగగొట్టాన్ని హౌకె పాత గిటార్ తీగలతో కట్టేస్తున్నాడు. ఆ తీగలు మేం వెళ్లాల్సిన ఊరు హిల్డెస్‌హైమ్ దాకా పట్టి ఉంచాయి. స్టేజీ మీద రెండో పాటకే తెగిపోయే తీగలవి, వ్యాన్‌కి మాత్రం బాగానే పనికొచ్చాయి. దారి పొడవునా హౌకె, గెరిట్ మాట్లాడుకోలేదు. వెనక సీట్లో కుడివైపు కిటికీ పక్కన తప్ప ఇంకెక్కడా కూర్చోనని గెరిట్ మొండికేశాడు. ఆ కిటికీలోంచి నీళ్లు కారుతున్నా సరే అన్నాడు. యాభై దాటిన మగాళ్లు ఇద్దరు సీటు కోసం కొట్టుకుంటే ఏ బడికి పంపాలో నాకు తెలియలేదు. నోరు మూసుకుని బండి నడిపాను.

మా బ్యాండ్ పేరు నాసర్ కెల్లర్, అంటే తడి నేలమాళిగ. మా ఊరు బ్రేమెన్‌లో మేం సాధన చేసే గదిని చూస్తే పేరెందుకు పెట్టామో ఎవరికైనా అర్థమవుతుంది. బాంబులు పడే రోజుల్లో జనం దాక్కున్న కాంక్రీటు బంకర్ అది, కిటికీ అన్నది లేదు. నేను వీబ్కెని. బేస్ గిటార్ వాయిస్తాను, వ్యాన్ నడుపుతాను, మిగతా రోజుల్లో ముసలివాళ్ల నడుములు, మోకాళ్లు సరిచేసి జీతం తీసుకుంటాను. హౌకె పాడతాడు, గిటార్ వాయిస్తాడు. ఊరి చివర, చక్రాల మీద నిలబెట్టిన చెక్క ఇంట్లో ఒక పిల్లితో ఉంటాడు. గెరిట్ డ్రమ్స్ వాయిస్తాడు, వడ్రంగం చేస్తాడు. ఒకప్పుడు నేనూ గెరిట్ కలిసి బతికాం. తర్వాత విడిపోయాం. బ్యాండ్ మాత్రం విడిపోలేదు, ఎందుకంటే దానికి ముగ్గురూ చేయెత్తాలి.

ఆ నియమం మేం ఖాళీ ఇళ్లు ఆక్రమించుకుని ఉన్న రోజులది. మాకు నాయకుడు లేడు, మేనేజర్ లేడు, కంపెనీ లేదు. ఏ నిర్ణయమైనా ముగ్గురూ ఒకచోట చేరి తీసుకోవాలి. దాన్ని ప్లేనుమ్ అంటాం. ప్రశ్న ఒక్కసారే అడగాలి, మూడు చేతులూ లేస్తేనే అవునన్నట్టు, ఒక్క చెయ్యి లేవకపోయినా కాదన్నట్టు. చేతులు లేచాక కారణాలు అడగకూడదు. మా వ్యాన్‌కి రంగు వెయ్యాలా వద్దా అన్న ప్రశ్న ఇప్పటికీ తేలలేదు, అందుకే అది ఇంకా ఏ రంగూ లేని బూడిద బండిలా తిరుగుతోంది. అన్నిటికంటే పాత నియమం ఇంకోటుంది. ముగ్గురిలో ఒకరు వాయించలేకపోతే కొత్తవాళ్లని పెట్టుకోకూడదు. బ్యాండ్ ఆపేద్దామా అని అడగాలి, అంతే.

శనివారం బ్రేమెన్‌లో మా ముప్ఫై ఏళ్ల పండగ. పాత పీపాల కార్ఖానాలో కచేరీ చేస్తున్నాం. హౌకె రెండు నెలలుగా పాత దుప్పట్లు కుట్టి స్టేజీ వెనక కట్టే తెర తయారు చేస్తున్నాడు. దాని తర్వాత వసంతంలో ఎక్కడెక్కడ తిరగాలో కూడా వాడే ఊళ్లవాళ్లతో మాట్లాడి పెట్టుకున్నాడు. నాకు నడుము నొప్పి, గెరిట్‌కి ఎప్పుడూ నిద్రమొహం. ఆ ఊళ్ల పేర్లు హౌకె చదువుతుంటే మేమిద్దరం తలలూపేవాళ్లం. కాదనడానికి కూడా ఓపిక ఉండాలి.

హిల్డెస్‌హైమ్‌లో మేం వాయించాల్సిన ఇల్లు ఒకప్పటి బడి. దానికీ యజమాని లేడు, అందరూ కలిసి నడుపుకుంటారు. అక్కడి పద్ధతి ప్రకారం వచ్చిన బ్యాండ్ కూడా వంటలో చెయ్యి వెయ్యాలి, కూర కోసినవాళ్లకే గిన్నె. మేం సామాను దించేసరికి బయట ఇంకా వెలుతురు ఉంది. హాలు వెనకున్న వంటగదిలో పప్పు సూప్ పొయ్యెక్కింది. హౌకె తన మైకు సరిచూసుకుని, వంటగదిలో తరగాల్సిన ఉల్లిపాయలు ఉన్నాయని తెలియగానే గిటార్ పక్కన పెట్టి అటు వెళ్లిపోయాడు. వాడికి ఉల్లిపాయలు తరగడమంటే ధ్యానం లాంటిది. స్టేజీ మీద నేనూ గెరిట్ మిగిలాం, ఎదురుగా బల్ల దగ్గర సౌండ్ చూసే నెస్రిన్.

ఇక్కడ నేనొక సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఈ వేసవి నుంచి స్టేజీ మీద గెరిట్ నన్నే చూస్తున్నాడు. పాట మొదలైన దగ్గర్నుంచి చివరి దెబ్బ దాకా చూపు తిప్పడు. ముప్ఫై ఏళ్లుగా కళ్లు మూసుకుని వాయించిన మనిషి. మొదట్లో నేనేదో తప్పు వాయిస్తున్నానేమో అనుకున్నాను. తర్వాత వేరేలా అనుకున్నాను. ఈ వయసులో, ఇన్నేళ్ల తర్వాత, వ్యాన్‌లో తడిసిన సాక్సుల వాసనలో కూడా మనిషి మనసు అలాంటివి అనుకోగలదు. అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను. పొడుగు చేతుల ఎర్ర చొక్కా ఒకటి కొనుక్కున్నాను. ఆ సాయంత్రం కూడా అదే వేసుకున్నాను.

బేస్, డ్రమ్స్ కలిపి ఒకసారి వినాలని నెస్రిన్ అడిగింది. చెవుల్లో రబ్బరు మూతలు పెట్టుకున్నాం. మా పాత పాట 'లిఫ్ట్ పనిచేయదు' మొదలుపెట్టాం. పాట సగంలో నా వెనకున్న ఆంప్లిఫయర్ పెట్టె ఒక్కసారి దగ్గి ఊరుకుంది. దాని ఎర్ర దీపం ఆరిపోయింది. నెస్రిన్ బల్ల దగ్గర్నుంచి చేతులూపి, బేస్ అసలేమీ రావట్లేదని అరిచింది. పెట్టె కరెంటు తీగ మారుస్తానని సైగ చేసి, హాలు స్పీకర్లు తగ్గించేసి బయటికి నడిచింది.

నా వేళ్లు మాత్రం ఆగలేదు. పెట్టె చచ్చినా పాట మధ్యలో చెయ్యి ఆపకపోవడం మాకు అలవాటు, మళ్లీ ప్రాణమొస్తే అందుకోవాలి కదా. గిటార్ తీగలు టిక్కుటిక్కుమంటున్నాయి తప్ప పక్కనున్న మనిషికి కూడా వినపడే చప్పుడు కాదది. గెరిట్ ఆపలేదు. కనుబొమ్మ కూడా ఎగరెయ్యలేదు. బేస్ పోతే డ్రమ్మర్‌కి కింద నేల పోయినట్టుంటుంది, ఎంత నిద్రలో ఉన్నా తెలుస్తుంది. అతను నన్నే చూస్తూ వాయిస్తూనే ఉన్నాడు.

ఏదో తేడాగా ఉందనిపించింది. వేళ్ల వేగం కొంచెం తగ్గించాను. అతనూ తగ్గించాడు. పెంచాను, పెంచాడు. పాటలో లేని చోట చెయ్యి టక్కున ఆపేశాను. అతని కర్రలు గాల్లో ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో అతను నా మొహం వైపు కాదు, నా కుడిచేతి వైపు చూస్తున్నాడని మొదటిసారి గమనించాను. వేసవంతా చూసింది ఆ చేతినే.

గిటార్ దించేసి వెళ్లి పెద్ద డ్రమ్ము పక్కన చతికిలబడ్డాను. చెవి మూతలు తియ్యాలని ఇద్దరికీ తోచలేదు. పెట్టె ఎప్పుడో చచ్చిపోయిందని గట్టిగా చెప్పాను. అతను తిరిగి ఆరిపోయిన దీపం వైపు చూశాడు. ఏమిటి, ఎలా అని అడగలేదు.

"నెస్రిన్ గమనించిందా?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో మిగతాదంతా తెలిసిపోయింది. ఎప్పట్నుంచని అడిగాను. కర్రలు రెండూ తొడ మీద పక్కపక్కన సర్దుకుంటూ చెప్పాడు. ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున లేచేసరికి కుడిచెవిలో దూది కుక్కినట్టుందట. జలుబనుకుని రెండు వారాలు ఊరుకున్నాడట. డాక్టర్ దగ్గరికి వెళ్తే, చెవికి పక్షవాతం లాంటిదొచ్చింది, ఇంత ఆలస్యంగానా రావడం అని తిట్టిందట. మే నెలలో రెండోసారి వచ్చింది, ఈసారి ఎడమచెవికి కూడా. అప్పట్నుంచి లోతు శబ్దాలు పోయాయి. ఎప్పుడూ ఏదో మరుగుతున్నట్టు చెవిలో హోరు. వ్యాన్‌లో ఆ సీటు కోసం ఎందుకు పోట్లాడాడో అప్పుడర్థమైంది. అక్కడ కూర్చుంటే కాస్తో కూస్తో పనిచేసే ఎడమచెవి మా వైపుంటుంది.

"నీ గొంతు వినబడుద్ది. సింబల్స్ వినబడతయ్," అన్నాడు. "నీ బేస్ విని ఎన్నాళ్లయిందో. నీ వేళ్లు చూస్తా. పాట మలుపు తిరిగేముందు నువ్వు ఎడం మోకాలు వంచుతావు, నీకు తెలుసా అది?"

తెలియదు. ముప్ఫై ఏళ్లలో నాకెవరూ చెప్పలేదు.

"మరి హౌకె?"

"వాడి గొంతు మే నెలలోనే పోయింది నాకు. మొత్తానికి అదొక్కటే లాభం."

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. నవ్వడమే కాకుండా, హౌకె గొంతు అయిపోయి చాలా కాలమైంది, ఆ సంగతి వాడొక్కడికే తెలియదు అని కూడా అన్నాను. అలసిపోయిన మనుషులు ఇలాంటి మాటలకే నవ్వుతారు. గెరిట్ కూడా నవ్వాడు, తర్వాత ఇద్దరం ఒక్కసారే ఆపేశాం.

డాక్టర్ ఇప్పుడేమందని అడిగాను. మానెయ్యమందని చెప్పాడు. మానకపోతే?

"మూడోసారి వస్తే నీ గొంతు కూడా ఉండదంది," అన్నాడు మామూలుగా, చెక్క కొలత చెప్పినట్టు. "రావచ్చు, రాకపోవచ్చు. ఈ చప్పుట్లో కూర్చుంటే వచ్చేదే ఎక్కువంది."

నాకు కోపం వచ్చింది. మీద చెయ్యి వెయ్యాలో చెంప పగలగొట్టాలో తెలియని కోపం. ఇన్ని నెలలు పక్కన నిలబడి నాకెందుకు తెలియలేదని నా మీద కూడా వచ్చింది. రోజంతా ముసలివాళ్లకి పక్కకు తిరిగి మాట్లాడొద్దు, మొహం చూసి మాట్లాడమని చెప్పేదాన్ని నేనే. నా పక్కనున్న మనిషి నా చేతిని చూస్తుంటే ప్రేమ అనుకున్నాను. అతనికి ఆ సంగతి తెలియకూడదని తల వంచుకున్నాను.

"నీ చొక్కా బావుంది," అన్నాడు గెరిట్.

తలెత్తాను.

"కాకపోతే చేతులు పొడుగు. వేళ్లు మూసేస్తన్నయ్. ఇవాళ పైకి మడుచుకుంటావా?"

మడుచుకున్నాను. రెండు చేతులూ మోచేతుల దాకా. కళ్లలో నీళ్లు తిరిగాయి, దానికి సిగ్గుపడలేదు.

అప్పుడు అతను అడగాల్సింది అడిగాడు. శనివారం దాకా నోరు విప్పొద్దన్నాడు. పండగ అయ్యాక తనే చెప్తానన్నాడు. హౌకెకి ఇప్పుడు తెలిస్తే నియమం ప్రకారం ప్రశ్న అడగాలి, అడిగితే అంతా అయిపోతుంది. నీకు ఉద్యోగం ఉంది, నాకు చెక్కపని ఉంది, వాడికేముంది, చక్రాల మీద ఇల్లూ ఒక పిల్లీ, అన్నాడు. ఆ దుప్పటి తెర ఒక్కసారైనా వాడి వెనక కట్టాలని అడిగాడు. నాకు ఆ మూడోసారి గుర్తొచ్చింది. అది ఈ రాత్రే రావచ్చు, శనివారం రావచ్చు. అయినా అతని మొహం చూసి సరే అన్నాను. మాటిచ్చాను.

నెస్రిన్ కొత్త తీగతో తిరిగొచ్చి బల్ల దగ్గర ఆగిపోయింది. బల్ల మీద వెలుగుతున్న చిన్న దీపాల వైపు, మా వైపు మార్చి మార్చి చూసింది. తర్వాత తన చెవి వైపు వేలు చూపించి, మూతలు తియ్యమని నాకు సైగ చేసింది. తీశాను.

"డ్రమ్ముల మైకులు నేను ముయ్యలేదు," అంది. "హాలువి తగ్గించా. వంటగదిది వేరే తీగ, అది మర్చిపోయా వీబ్కె."

ఆ ఇంట్లో వంటవాళ్లు కూడా పాట వినాలని, వంటగది అలమరలో మసాలా సీసాల మధ్య ఒక స్పీకర్ పెట్టుకున్నారు. బల్ల మీదికి ఏది వస్తే అదంతా అక్కడ పలుకుతుంది. మేం కూర్చున్నది ఏడు మైకుల మధ్య. చెవుల్లో మూతలు పెట్టుకుని, ఒకళ్లకొకళ్లం వినపడాలని గట్టిగా మాట్లాడుకున్నాం. మాలాంటి వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తెలివితక్కువ పని. ఏం జరిగిందో గెరిట్‌కి మొహంలో మొహం పెట్టి చెప్పాను. అతను కర్రలు నేల మీద పెట్టి లేచాడు.

వంటగదిలోకి వెళ్లేసరికి వంటచేసే ఇద్దరు ఆడవాళ్లూ రొట్టెల బుట్ట తీసుకుని, మా మొహాలు చూడకుండా బయటికి జారుకున్నారు. హౌకె మాకు వీపు చూపిస్తూ పొయ్యి దగ్గర నిలబడి సూప్ కలుపుతున్నాడు. పక్కన పలక మీద ఉల్లిపాయలు కుప్పగా ఉన్నాయి, మొదట తరిగినవి ముత్యాల్లా సన్నగా, చివరివి ఎలా పడితే అలా. అలమరలో స్పీకర్ ఇంకా బుసకొడుతోంది. పాత ఫ్రిజ్ ఒకటి గురక పెడుతోంది. గెరిట్ దాని పక్కనే, తలుపు దగ్గర ఆగిపోయాడు.

ఏదో ఒకటి చెప్పాలి. హౌకె అని పిలిచాను. గొంతు గురించి అన్న మాట మా అలసట అన్నదే తప్ప మేమన్నది కాదని మొదలుపెట్టాను. అబద్ధమని నాకే తెలుస్తోంది. వాడు గరిటె ఆపలేదు. పాడే రోజుల్లో గొంతు దాచుకోవడానికి వాడు ఎప్పుడూ లోగొంతుకతోనే మాట్లాడతాడు. ఇప్పుడు ఇంకా తగ్గించాడు.

"అందులో తప్పేముంది, అది నాకూ తెలుసు," అన్నాడు సూప్‌తో చెప్తున్నట్టు. "నాకు తెలీనిది రెండోది. ఫిబ్రవరి నించా? నా వెనక కూర్చుని?"

తర్వాత హౌకె భుజాలు కొంచెం దిగాయి, వ్యాన్‌లోంచి ఆఖరి పెట్టె దించాక దిగినట్టు.

"ప్లేనుమ్," అన్నాడు. "ముగ్గురం ఉన్నాం కదా. ఒకసారే అడుగుతా. ఇవాళ్టితో బ్యాండ్ ఆపేద్దాం. సరేనన్నవాళ్లు చెయ్యెత్తండి."

వాడు వెనక్కి తిరగలేదు. ప్రశ్న పొయ్యి వైపు చూస్తూనే అడిగాడు, ఫ్రిజ్ గురకలో, లోగొంతుకతో.

నేను గెరిట్ వైపు చూశాను. తల కొంచెం ఎడమ పక్కకి వంచి, హౌకె వీపు వైపు చూస్తున్నాడు. ఆ వంపు నాకు వేసవంతా కనిపిస్తూనే ఉంది, ఏమిటో ఇవాళే తెలిసింది. ప్రశ్న అతనికి చేరలేదు. తన గొంతు ఇతనికి వినపడదని స్పీకర్‌లో విన్న హౌకెకి కోపంలో అది తట్టలేదు. ఏదో అడిగారని మాత్రం తెలిసింది. తెలియనప్పుడు రోజూ చేసే పనే చేశాడు. నా చేతి వైపు చూశాడు.

శనివారం దాకా మాటిచ్చాను. ఆ మాటకి పావుగంట వయసు కూడా లేదు. కానీ మూడోసారి వస్తే ఇతనికి నా గొంతు కూడా ఉండదు. నాకు నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, వసంతంలో తిరగాల్సిన ఊళ్ల పేర్లు వింటే ఏడుపొస్తోంది. ఇందులో ఏది నా చేతిని లేపిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. నా కుడిచెయ్యి లేచింది. చొక్కా పైకి మడిచి ఉంది, వేళ్లన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

అరక్షణం వెనకాల, పాటలో ఎప్పుడూ వచ్చే చోటే, గెరిట్ చెయ్యి కూడా లేచింది.

అప్పుడు తిరిగాడు హౌకె. రెండు చేతులూ చూశాడు. ముందు నాది, తర్వాత గెరిట్‌ది. గెరిట్ వాడి కళ్లలోకి చూసి చిన్నగా నవ్వాడు. శనివారం వాయిద్దామా అన్న ప్రశ్న అనుకున్నాడో ఏమో, క్షమించమని అడిగే మనిషి నవ్వు అది. హౌకె మొహంలో ఏదో తెగిపోవడం నేను చూశాను. వాడికి ఆ నవ్వు ఇంకోలా, బ్యాండ్ వదిలినందుకు ఊరటలా అర్థమైంది.

చేతులు లేచాక కారణాలు అడగకూడదు. హౌకె అడగలేదు. గరిటె మూత మీద పెట్టాడు, తడి చెయ్యి గుడ్డకి తుడుచుకున్నాడు, నెమ్మదిగా పైకెత్తడం మొదలుపెట్టాడు. గెరిట్ ప్రశ్న వినలేదని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. నేను చెయ్యి దించితే గెరిట్ కూడా దించేస్తాడు, బ్యాండ్ ఆగదు.